ఘనా పాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: ఊరి గంట దరువు నుంచి కుమాసి డ్రిల్ దాకా

ఆఫ్రికా పాటలంటే ఇప్పుడు మనవాళ్లకి ఎక్కువగా తెలిసినవి నైజీరియా పాటలు. అక్కడికి రెండు చిన్న దేశాల అవతల, అదే పశ్చిమాఫ్రికా తీరంలో ఉన్న ఘనా గురించి తెలిసింది తక్కువ. చాలాకాలంగా ఘనా పాటలు వింటున్నాను, దొరికినవాళ్లందరికీ వినిపిస్తున్నాను. విన్నవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఘనాలో కొత్త పాట ఎప్పుడూ పాత పాటని పూర్తిగా తోసేసి రాలేదు. డాన్సు హాళ్లు మూతపడితే పాట చర్చికి వెళ్లింది. దేశంలో బతుకు కష్టమైతే జర్మనీకి వెళ్లింది. వాయిద్యాలు కొనే డబ్బు లేకపోతే కంప్యూటర్లోకి వెళ్లింది. వెళ్లిన ప్రతిచోటికీ పాత దరువుని వెంట తీసుకెళ్లింది.

ఘనా సంప్రదాయ సంగీతం అంటే ఒకటేనా?

కాదు. దక్షిణాన, మధ్యలో అకాన్ జనం ఉన్నారు. అసాంటే, ఫాంటి వాళ్లు అందులోనివాళ్లే. అంత్యక్రియల్లో ఆడే అడోవా నృత్యం, రాజుల ఊరేగింపుల్లో మోగే ఫొంటొంఫ్రొమ్ అనే భారీ డోళ్లు వాళ్లవి. ఆగ్నేయాన ఎవె జనం అగ్బాజా ఆడతారు. రాజధాని అక్రా అసలు గా జాతివాళ్ల ఊరు. ఉత్తరాది సంగీతం వేరే లోకం, దాని గురించి కింద విడిగా చెప్తాను.

ఎన్ని తేడాలున్నా చాలా చోట్ల కలిసే విషయం ఒకటుంది: ఇనుప గంట. గుంపులో ఒకరు గంట మీద ఒకే దరువుని మొదటినుంచి చివరిదాకా మార్చకుండా వాయిస్తారు. మిగతా డోళ్లు, చప్పట్లు, పాట, అడుగు, అన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఏ డోలు ఎప్పుడు అందుకోవాలో గంటని బట్టే తెలుస్తుంది. తర్వాత రోజుల్లో ఈ దరువు గిటార్లోకి, డ్రమ్ సెట్టులోకి, చివరికి డ్రమ్ మెషిన్లోకి దిగడం వినిపిస్తుంది.

ఇంకో సంగతి భాషది. అకాన్ల ట్వి భాషలో స్వరం పెంచితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం. అందుకే అటుంపాన్ అనే జంట డోళ్లతో మాటలే "పలికిస్తారు". ఒక డోలుది హెచ్చు స్వరం, రెండోదానిది తగ్గు స్వరం. పాట వరస కూడా మాట స్వరాన్ని అనుసరించాలి, లేకపోతే వినేవాళ్లకి అర్థం చెడుతుంది. మిషనరీలు ఇంగ్లీషు కీర్తనల వరసల్లో ట్వి మాటలు కూర్చి పాడించినప్పుడు జరిగింది అదే. దాన్ని సరిచెయ్యడానికి జీవితం ధారపోసిన స్వరకర్త ఎఫ్రాయిమ్ అము. చర్చిలో ఆఫ్రికా బట్ట కట్టుకుని బోధించాడని పెద్దలకి కోపం వచ్చింది. 1933లో అక్రోపాంగ్‌లోని శిక్షణ కళాశాలలో ఉద్యోగం పోయింది. ఆయన వెనక్కి తగ్గలేదు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు.

హైలైఫ్ అంటే ఏమిటి? ఆ పేరెక్కడిది?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ తీరంలో తయారైన పాటల కుటుంబానికంతటికీ ఇప్పుడు వాడే పేరు హైలైఫ్. అందులో మూడు పాయలున్నాయి: బ్రాస్ బ్యాండ్లు, పెద్దింటివాళ్ల డాన్స్ ఆర్కెస్ట్రాలు, పామ్‌వైన్ గిటార్. పామ్‌వైన్ అంటే కల్లు. కల్లు దుకాణాల దగ్గర పుట్టిన గిటార్ పాటలకి ఆ పేరొచ్చింది.

పేరు పెట్టింది లోపల ఆడేవాళ్లు కాదు, బయట నిలబడ్డ జనం. 1920లలో అక్రా, కేప్ కోస్ట్ క్లబ్బుల్లో ఆర్కెస్ట్రాలు వాల్ట్జులు, ఫాక్స్‌ట్రాట్‌ల మధ్య స్థానిక పాటలు కూడా వాయించడం మొదలుపెట్టాయి. లోపలికెళ్లాలంటే టికెట్టు ఖరీదు, సూటూ టోపీ తప్పనిసరి. అంత స్తోమత లేనివాళ్లు బయట గుమిగూడి, తమ వీధి పాటలే లోపల ట్రంపెట్లమీద వస్తుంటే విని, వీటిని హైలైఫ్ అన్నారు, అంటే గొప్పవాళ్ల పాటలని.

బ్రాస్ బ్యాండ్లు ఎలా వచ్చాయి?

సైన్యంతో వచ్చాయి. అప్పట్లో ఘనాని గోల్డ్ కోస్ట్ అనేవాళ్లు. అసాంటే రాజ్యంతో యుద్ధానికి బ్రిటిష్‌వాళ్లు 1870లలో వెస్టిండీస్ నల్లజాతి సైనికుల్ని దించారు. కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో వాళ్ల బ్యాండ్లు మార్చింగ్ పాటలు వాయించేవి, తీరిక దొరికితే కరీబియన్ పాటలు. యూరప్ బ్యాండ్లని అంతకుముందే చూసినా ఫాంటి కుర్రాళ్లకి మనసు పట్టింది ఈ కరీబియన్ వరసలే. వాటినుంచి అదాహా అనే సొంత బ్రాస్ సంగీతం పుట్టింది.

ఇందులో ఒక గొప్ప మలుపుంది. ఆ కరీబియన్ సైనికుల తాతముత్తాతల్ని ఇదే పశ్చిమాఫ్రికా తీరం కోటల నుంచి బానిసలుగా ఓడలెక్కించారు. ఇక్కడి దరువు సముద్రం దాటి వెళ్లి, అక్కడ మారి, బాకాలమీద తిరిగొచ్చింది. ఫాంటి కుర్రాళ్లకి అది అంత త్వరగా చేతికి అబ్బిందంటే అదే కారణమని నా నమ్మకం.

ట్రంపెట్లు కొనలేని పల్లెలు కూడా ఊరుకోలేదు. 1930లలో డోళ్లు, గొంతులతోనే బ్యాండులా కవాతు చేసే కొంకొమా గుంపులు ఊరూరా పుట్టాయి.

గిటార్ సంగతేమిటి? "యా అంపోన్సా" అనే పేరు పదే పదే వినిపిస్తుందెందుకు?

లైబీరియా తీరంలోని క్రూ జాతివాళ్లు ఓడల మీద పనిచేసేవాళ్లు. గిటార్‌ని బొటనవేలు, చూపుడువేలు రెండింటితోనే మీటే పద్ధతి వాళ్లది. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ ఆ పద్ధతిని నేర్పిపోయారు. అకాన్ల దగ్గర అప్పటికే సెపెరెవా అనే తంతి వాయిద్యం ఉంది. దానిమీద మీటే వరసలు గిటార్ మీదికి మారాయి. కల్లు దుకాణం, ఒక గిటార్, చేతికి దొరికిన పెట్టె మీదో సీసా మీదో దరువు. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

1928లో కుమాసి ట్రియో (కుమాసి అసాంటేల నగరం) అనే ముగ్గురు లండన్ వెళ్లి జోనోఫోన్ కంపెనీకి పాటలు రికార్డు చేశారు. నాయకుడు క్వామే అసారే, జేకబ్ శామ్ అని ఇంకో పేరు. ఆయనకి గిటార్ నేర్పింది ఒక క్రూ మనిషే. ఆ రికార్డుల్లో ఒకటి "యా అంపోన్సా", ఒక అందమైన ఆడమనిషి పేరు మీద కట్టిన పాట. ఆ గిటార్ వరస తర్వాత వందలాది హైలైఫ్ పాటలకి పునాది అయింది. ఘనాలో గిటార్ పట్టుకున్నవాడికి అది రాకపోతే గిటార్ రానట్టే లెక్క. అమెరికా గాయకుడు పాల్ సైమన్ 1990లో తన ఆల్బమ్‌లోని ఒక పాటకి ఆ వరస వాడుకుని ఘనాకి రాయల్టీ చెల్లించాడు. జానపద వరసల మీద హక్కు ఎవరిదన్న చర్చ దానితో పెద్దదైంది. 2005 కాపీరైట్ చట్టం వచ్చాక సొంత దేశపు సంగీతకారులు కూడా జానపదాన్ని వాడుకోవాలంటే అనుమతి, రుసుము అన్నారు. ఇది నాకు మింగుడుపడదు. ఊళ్లో పుట్టిన వరసని ఊరి కుర్రాడే వాడుకోవడానికి డబ్బు కట్టాలనడం ఏం న్యాయం?

హైలైఫ్ అని చెవికి ఎలా తెలుస్తుంది?

మొదట గిటార్ని పట్టుకోండి. రెండు గిటార్లుంటే ఒకటి చిన్న వరసని ఆపకుండా తిప్పుతుంటుంది, రెండోది ఖాళీల్లో జవాబిస్తుంది. తర్వాత వెనకాల టకటకమనే దరువు వినండి. గంటో, కర్రలో, సీసానో ఏదో ఒకటి ఉంటుంది. ట్రంపెట్, శాక్సొఫోన్ ఉంటే అవి గొంతులా పాడతాయి, అరవవు. పాట వేగంగా ఉన్నా తొందర ఉండదు.

సాహిత్యం చాలాసార్లు పాట హుషారుకి ఎదురుగా ఉంటుంది. చావు, అప్పు, పరాయిదేశంలో ఒంటరితనం, చుట్టాల అసూయ, వీటి మీదే పాటలన్నీ. అయినా జనం ఆడతారు. అక్కడ శనివారాల్లో జరిగే అంత్యక్రియల్లో నలుపు, ఎరుపు బట్టలు కట్టుకుని ఈ పాటలకి అడుగులు వేస్తారు. దుఃఖం తీర్చుకోవడానికి అదే వాళ్ల పద్ధతి.

ఈ.టి. మెన్సాని "హైలైఫ్ రారాజు" అంటారు. ఆయన చేసిందేమిటి?

పెద్ద ఆర్కెస్ట్రాని చిన్న బ్యాండు చేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో అక్రాలో బ్రిటిష్, అమెరికన్ సైనికులు దిగారు, స్వింగ్, జాజ్ తెచ్చారు. వాళ్లతో కలిసి వాయించిన బృందాల్లోంచి టెంపోస్ బ్యాండు పుట్టింది. 1948కల్లా మెన్సా దానికి నాయకుడయ్యాడు. ఆయన చదువుకున్న ఫార్మసిస్టు. ట్రంపెట్, శాక్సొఫోన్ రెండూ వాయించేవాడు. జాజ్ బ్యాండు కట్టు, కరీబియన్ ఊపు, అక్రా పాటలు, మూడూ కలిపి రెండు మూడు నిమిషాల రికార్డులో పట్టేలా తయారుచేశాడు. బ్యాండులో డ్రమ్ములు వాయించిన గై వారెన్ లండన్ వెళ్లి ఆఫ్రో-క్యూబన్ తాళవాద్యాలు పట్టుకొచ్చాడు. తర్వాత అమెరికా వెళ్లి జాజ్‌కి ఆఫ్రికా డోళ్లని పరిచయం చేశాడు. చివరికి ఘనాకే తిరిగొచ్చి, కోఫీ ఘనాబా అని పేరు మార్చుకుని మాట్లాడే డోళ్ల దగ్గరికే చేరాడు.

టెంపోస్ 1950 నుంచి నైజీరియాలో పర్యటించింది. అక్కడ బాబీ బెన్సన్, విక్టర్ ఒలయా లాంటివాళ్లు ఆ బాణీ అందుకున్నారు. 1956 మేలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్రా వచ్చి మెన్సాతో కలిసి వాయించాడు. ఆయన్ని చూడటానికి ఊరంతా కదిలింది. మరుసటి ఏడాది మార్చి 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మెన్సా స్వాతంత్ర్యం మీద కట్టిన పాట ప్రతి నోటా పలికింది.

మరి పల్లెటూళ్ల సంగతి? వాళ్లకి క్లబ్బులు లేవు కదా?

వాళ్లకి కాన్సర్ట్ పార్టీ ఉంది. పేరు చూసి కచేరీ అనుకోవద్దు, అది నాటకం. ఊరూరా తిరిగే బృందం రాత్రంతా ఆడుతుంది. తాగుబోతు మొగుడు, సవతి పోరు, పట్నంలో చెడిపోయిన కొడుకు, ఇవీ కథలు. ఆడవేషాలూ మగవాళ్లే వేసేవాళ్లు. మొదట్లో ఇంగ్లీషు పాటలు, అమెరికా హాస్యం అనుకరణ ఎక్కువ ఉండేది. 1952లో గిటారిస్టు ఈ.కె. న్యామే తన బ్యాండుని, నాటక బృందాన్ని ఒకటి చేసి ట్వి భాషలో ఆడించాడు. అంతవరకు విడివిడిగా ఉన్న పాటా నాటకం ఒకే వేదిక ఎక్కాయి. జనం వెర్రెత్తిపోయారు. తర్వాత రెండు దశాబ్దాలు ప్రతి గిటార్ బ్యాండూ అదే దారి పట్టింది. క్లబ్బుల హైలైఫ్‌కి పేరెక్కువ వచ్చినా, నాకు మాత్రం ఘనా పాటకి అసలు వెన్నెముక ఈ గిటార్ బ్యాండ్లే అనిపిస్తుంది.

రాజకీయాలతో పాటకి సంబంధం ఉందా?

బాగా ఉంది. స్వాతంత్ర్యోద్యమ నాయకుడు క్వామే ఎన్‌క్రుమా 1953లో లైబీరియా వెళ్లినప్పుడు న్యామే బ్యాండుని వెంట తీసుకెళ్లాడు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వ సంస్థలే బ్యాండ్లు నడిపాయి. వర్కర్స్ బ్రిగేడ్ బ్యాండు దేశమంతా పేరు తెచ్చుకుంది. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఎన్‌క్రుమాని దించేసింది.

మరుసటి ఏడాది నానా అంపాడు, ఆయన ఆఫ్రికన్ బ్రదర్స్ బ్యాండు "ఎబి తె యియె" పాడారు. అది జంతువుల సభ కథ. చిరుతపులి చిన్న జింక వెనక కూర్చుని దాని తోక తొక్కిపట్టింది, అరవొద్దని బెదిరిస్తోంది. జింక ఓర్చుకోలేక సభాపతికి మొరపెట్టుకుంది: కొందరు హాయిగా కూర్చున్నారు, కొందరికి కూర్చోవడమే నరకంగా ఉంది అని. పేరు చెప్పలేదు, ప్రభుత్వం అనలేదు. కానీ విన్న ప్రతివాడికీ తోక ఎవరిదో, కాలు ఎవరిదో అర్థమైంది. కొన్నాళ్లకి ఆ పాట రేడియోలో మాయమైంది. అనన్సే సాలీడు కథలు చెప్పుకునే జనానికి జంతువుల మీద పెట్టి మాట్లాడటం తాతల నాటి విద్య. సైనిక పాలనలో అది గొంతుని కాపాడింది. అంపాడు 2021లో కన్నుమూశాడు.

1970లని స్వర్ణయుగం అంటారు. నిజమేనా?

వినడానికి మాత్రం నిజమే. 1971 మార్చి 6న అక్రా బ్లాక్ స్టార్ స్క్వేర్‌లో సోల్ టు సోల్ అనే రాత్రంతా కచేరీ జరిగింది. విల్సన్ పికెట్, ఐక్ అండ్ టీనా టర్నర్, శాంటానా అమెరికా నుంచి వచ్చి వాయించారు. కుర్రకారు మీద ఆ దెబ్బ గట్టిగా పడింది. ఎబో టేలర్, సి.కె. మన్, పాట్ థామస్ హైలైఫ్‌లోకి ఫంక్ తెచ్చారు. గ్యేడు-బ్లే అంబోలీ 1973లో "సిమిగ్వా-డో"లో పాటని సగం మాట్లాడేశాడు. ర్యాప్ అన్న పేరు అక్కడ ఎవరికీ తెలియకముందు మాట అది.

అదే ఏడాది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన గాలి కూడా వీచింది. వులొమెయి అనే గా బృందం సంప్రదాయ వేషాల్లో, డోళ్లతో, గొంతులతో వచ్చి పాత రేవు పాటల్ని మళ్లీ ఇంటింటికీ చేర్చింది. గిటార్ ఒక్కటే బయటిది.

లండన్‌లో ఓసిబిసా బృందం 1969లో మొదలైంది. ఆ పేరు ఓసిబిసాబా అనే పాత ఫాంటి సంగీతం నుంచి తీసుకున్నదే. వాళ్లు 1980ల మొదట్లో మనదేశానికి కూడా వచ్చారు. అప్పటి భారతదేశపు కచేరీల రికార్డు ఆల్బమ్‌గా దొరుకుతుంది.

అంత బాగున్నది ఎలా కూలింది?

ఒక్కసారిగా కాదు, కానీ వేగంగా. 1970ల చివరికి ధరలు మండిపోయాయి, రికార్డులు ముద్రించడానికి వినైల్ దొరకలేదు. 1981 డిసెంబర్ 31న సైనికాధికారి జెర్రీ రాలింగ్స్ రెండోసారి అధికారం పట్టాడు. 1982 నుంచి 1984 దాకా రాత్రి కర్ఫ్యూ. హైలైఫ్ రాత్రి బతికే సంగీతం. రాత్రే లేకపోతే క్లబ్బు లేదు, ఊరి కాన్సర్ట్ పార్టీ లేదు, బ్యాండుకి కూలి లేదు. వాయిద్యాల మీద దిగుమతి సుంకం విపరీతంగా పెరిగింది. 1983లో నైజీరియా లక్షలాది ఘనావాళ్లని వెళ్లగొట్టింది, అదే ఏడాది కరువు, అడవుల్లో మంటలు. మిగిలిన డాన్సుల్లో బ్యాండు బదులు స్పీకర్లు పెట్టి క్యాసెట్లు వేసే "స్పిన్నర్లు" వచ్చారు. బ్యాండు కంటే చాలా చవక. బడుల్లో సంగీతం పాఠాన్ని కూడా పక్కన పెట్టేశారు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే. ట్రంపెట్ నేర్పేవాడు పోతే తర్వాతి తరంలో ట్రంపెట్ ఉండదు.

బర్గర్ హైలైఫ్ అంటే?

వలస వెళ్లినవాళ్ల హైలైఫ్. ఘనావాళ్లు ఎక్కువగా చేరిన జర్మనీ నగరం హాంబర్గ్. అక్కడి నుంచి సూటూ బూటూ వేసుకుని తిరిగొచ్చినవాళ్లని ఊళ్లో బర్గర్ అనేవాళ్లు. జార్జ్ డార్కో 1983లో జర్మనీలో చేసిన "అకో తె బ్రొఫో" ఈ బాణీకి తొలి పెద్ద హిట్. సింథసైజర్, డ్రమ్ మెషిన్, డిస్కో బేస్, పైన ట్వి పాట. జర్మన్ స్టూడియో శబ్దానికి ఘనాలో జనం అబ్బురపడ్డారు.

1989లో చార్లెస్ ఫోసు, నానా అచెంపాంగ్ ఇద్దరూ లుంబా బ్రదర్స్ పేరుతో వలస బతుకు మీద ఆల్బమ్ తెచ్చారు. పరాయిదేశంలో పడి నలిగిపోవడమే దాని విషయం. ఫోసు తర్వాత డాడీ లుంబాగా మూడు దశాబ్దాలు ఏలాడు. ప్రేమ పాటలు, కొంటె పాటలు, భక్తి పాటలు, అన్నీ పాడాడు. 2025 జులై 26న ఆయన చనిపోతే దేశమంతా ఇంటిమనిషి పోయినట్టు ఏడ్చింది. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లి ఇంటికి డబ్బు పంపే మనవాళ్లు ఆ తొలి ఆల్బమ్ వింటే, భాష తెలియకపోయినా గొంతులోని బెంగ తెలుస్తుంది.

చర్చి ఈ కథలోకి ఎలా వచ్చింది?

క్లబ్బు మూతపడ్డాక వాయిద్యాలు మిగిలిన చోటు అదే. 1980లలో పెరిగిన కొత్త చర్చిలకి ప్రార్థనలో ఆటాపాటా కావాలి. ఆంప్లిఫయర్లు, కీబోర్డులు వాళ్లే కొన్నారు, సంగీతకారులకి జీతాలు వాళ్లే ఇచ్చారు. గాస్పెల్ హైలైఫ్ అలా పుట్టింది. మాటలు దేవుడివి, గిటార్ కల్లు దుకాణందే. ఇప్పుడు ఘనాలో మంచి బేస్ గిటారిస్టులు, డ్రమ్మర్లు చాలామంది చర్చిలో నేర్చుకున్నవాళ్లే.

ఆడవాళ్లు ఎక్కడ?

అకాన్ ఆడవాళ్లకి న్వొంకొరో అనే సొంత పాటల సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. కానీ బ్యాండులో పాడే అమ్మాయిని సమాజం చిన్నచూపు చూసేది. 1950లలో టెంపోస్‌తో పాడిన జూలీ ఒకిన్ లాంటివాళ్లు అరుదు. తలుపు నిజంగా తెరిచింది చర్చే. దేవుడి పాట పాడతానంటే ఇంట్లో కాదనే ధైర్యం ఎవరికుంటుంది? టాగో సిస్టర్స్, డాటర్స్ ఆఫ్ గ్లోరియస్ జీసస్, ఎస్తర్ స్మిత్ ఆ దారిన వచ్చి ఇంటింటి పేర్లయ్యారు.

ఇప్పుడు అమారే, మోలీ లాంటి గాయనులు ప్రపంచమంతా వినిపిస్తున్నారు. జ్యాకీ అయితే పైన చెప్పిన లుంబా బ్రదర్స్‌లోని నానా అచెంపాంగ్ కూతురే. ఆమె 2020 పాట "ఫరెవర్" వినండి.

హిప్‌లైఫ్ అంటే ఇంగ్లీష్ ర్యాప్‌ని కాపీ కొట్టడమేనా?

మొదట్లో కొందరు చేసింది అదే, ఇంగ్లీషులో అమెరికా యాసతో ర్యాప్. లండన్ నుంచి 1994లో తిరిగొచ్చిన రెజ్జీ రాక్‌స్టోన్ ట్విలో ర్యాప్ చేసి లెక్క మార్చేశాడు. అతని తొలి ఆల్బమ్ 1997లో వచ్చింది. హిప్‌హాప్, హైలైఫ్ కలిపి హిప్‌లైఫ్. 1999లో ఒబ్రాఫోర్ ఆల్బమ్ "పయె ము కా" వచ్చింది, బీట్లు హామర్ అనే నిర్మాత చేశాడు. అందులో ట్వి సామెతలు పెద్దమనిషి పంచాయతీలో చెప్పినట్టు జాలువారతాయి. ర్యాప్ అంటే మొహం చిట్లించే పెద్దవాళ్లు కూడా దానికి చెవి ఒగ్గారు. హిప్‌లైఫ్‌లో ఒక్కటే వినాలంటే అది వినమంటాను.

దీనికి రేడియో కూడా కలిసొచ్చింది. 1990ల మధ్య దాకా ప్రభుత్వ రేడియో ఒక్కటే ఉండేది. 1995లో జాయ్ ఎఫ్ఎం లాంటి ప్రైవేటు స్టేషన్లు మొదలయ్యాయి, 1999లో అకాన్ భాషలో పీస్ ఎఫ్ఎం వచ్చింది. స్టేషన్లకి రోజంతా వెయ్యడానికి పాటలు కావాలి. కంప్యూటర్ ఉన్న కుర్రాళ్ల దగ్గర పాటలున్నాయి.

అజొంతో, డ్రిల్, ఇవన్నీ ఏమిటి?

అజొంతో 2011, 2012 ప్రాంతంలో ఊపేసిన నృత్యం. బట్టలు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం, బండి నడపడం, ఫోన్ మాట్లాడటం, ఇలా రోజువారీ పనుల్ని అడుగుల్లో అభినయిస్తారు. దాని వెనక గా జాతివాళ్ల పాత ఆట ఉంది. సార్కోడీ, ఫ్యూజ్ ఓడీజీ పాటలతో, యూట్యూబ్‌తో లండన్ దాకా పాకింది. టెమా ఊరి కుర్రాడు సార్కోడీ ట్విలో ఊపిరాడనంత వేగంగా ర్యాప్ చేస్తాడు, 2012లో అమెరికాలో ఇచ్చే బీఈటీ (BET) అవార్డు గెలిచాడు.

డ్రిల్ అనే ర్యాప్ బాణీ షికాగోలో పుట్టి లండన్ మీదుగా వచ్చింది. కుమాసి కుర్రాళ్లు 2020లో దాన్ని ట్విలోకి మార్చి అసకా అన్నారు. యా టాగ్ పాట "సొరె" దానికి జెండా. అదే అసాంటే ప్రాంతంలోని కొనొంగో నుంచి వచ్చిన బ్లాక్ షెరిఫ్ డ్రిల్ తోనే మొదలుపెట్టాడు, కానీ గొంతులో పాత హైలైఫ్ ఏడుపు పలుకుతుంది. 2022లో అతని "క్వాకు ది ట్రావెలర్" నైజీరియాలో కూడా మొదటి స్థానానికి వెళ్లింది. జమైకా నుంచి వచ్చిన డాన్స్‌హాల్ బాణీ వైపు షాటా వాలే, స్టోన్‌బాయ్ ఉన్నారు. వాళ్ల అభిమానుల గొడవలు ఇక్కడి హీరోల అభిమానుల గొడవలకి ఏమాత్రం తీసిపోవు.

ఆఫ్రోబీట్, ఆఫ్రోబీట్స్ రెండూ ఒకటేనా?

కాదు. ఆఫ్రోబీట్ నైజీరియాకి చెందిన ఫెలా కుటిది, 1960ల చివర మొదలైంది. ఫెలా అంతకుముందు వాయించింది హైలైఫే. అక్రా క్లబ్బులకి వచ్చిపోతుండేవాడు. ఆఫ్రోబీట్స్ అన్నది ఇప్పటి పశ్చిమాఫ్రికా పాప్‌కి లండన్‌లో స్థిరపడిన పేరు. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఘనా మూలాలున్న డీజే అబ్రాంటీ ముఖ్యుడు.

ఘనా ఉత్తరాది ఎందుకు ఎక్కువ వినిపించదు?

స్టూడియోలు, డబ్బు, రేడియో అన్నీ దక్షిణాన ఉండటం వల్ల. సంగీతం తక్కువై కాదు. డగోంబా జనానికి లున్సీ అనే వంశపారంపర్య డోలు విద్వాంసులున్నారు. రాజుల వంశచరిత్రలన్నీ వాళ్లకి కంఠస్థం. చంకలో పెట్టుకున్న డోలు తాళ్లని నొక్కుతూ వదులుతూ మాటలు పలికిస్తారు. వాయవ్యాన గ్యిల్ అనే చెక్క పలకల వాయిద్యం ఉంది. కింద సొరబుర్రలుంటాయి, వాటికి చిల్లులు పెట్టి సాలీడు గుడ్ల పొర అతికిస్తారు. ఆ జుమ్మనే నాదం అందులోంచే.

బోల్గటాంగా వైపు ఫ్రాఫ్రా జనానిది కొలొగో, రెండు తంతుల వాయిద్యం. కింగ్ అయిసొబా దాన్ని పట్టుకుని గరగరలాడే గొంతుతో 2006 ప్రాంతంలో దేశమంతా హిట్ కొట్టాడు, తర్వాత యూరప్ వేదికలెక్కాడు. ఒక్క వాయిద్యం, ఒక్క గొంతు. స్టూడియో మెరుగులు లేకుండా అంత బలం ఎలా వస్తుందో విని తెలుసుకోవాలి.

హైలైఫ్ చచ్చిపోయిందా?

చచ్చిపోయిందని ప్రతి తరమూ అంది. అక్రాలో ఇప్పటికీ బ్యాండ్లు వాయించే చోట్లున్నాయి. ర్యాపర్లు పాత గిటార్ వరసల్ని శాంపిల్ చేస్తూనే ఉన్నారు. 2025 డిసెంబర్‌లో యునెస్కో హైలైఫ్‌ని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ సమావేశం జరిగింది ఢిల్లీ ఎర్రకోటలో. మన దీపావళి కూడా అదే సమావేశంలో ఆ జాబితాకెక్కింది.

జాబితా మంచిదే. దానికంటే అత్యవసరం పాత టేపులు. కర్ఫ్యూ రోజుల్లో, ఆ తర్వాత తేమకీ నిర్లక్ష్యానికీ పాడైపోయినవి చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో పుట్టి ఘనాలోనే జీవితం గడిపిన సంగీతకారుడు జాన్ కాలిన్స్ నడిపే బొకూర్ సంస్థ లాంటివి దొరికినవాటిని దాస్తున్నాయి. ఆ పనికి డబ్బు, మనుషులు ఇంకా ఎంతో కావాలి.

ట్వి రాదు. ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

కాలక్రమంలో వినొద్దు, విసుగొస్తుంది. మొదట ఈ.టి. మెన్సా "ఆల్ ఫర్ యు" వినండి, తేలిగ్గా పట్టుకుంటుంది. వెంటనే బ్లాక్ షెరిఫ్ వినండి, మధ్యలో డెబ్బయ్యేళ్లు ఎలా గడిచాయో కుతూహలం పుడుతుంది. తర్వాత ఎబో టేలర్ 1970ల పాటలు, ఆఫ్రికన్ బ్రదర్స్, వులొమెయి. డాడీ లుంబా పాటలు రాత్రిపూట ప్రయాణంలో బాగుంటాయి. 1928 నాటి కుమాసి ట్రియో చివరకి పెట్టుకోండి. రికార్డు గరగరలాడుతుంది, కానీ అప్పటికి మీ చెవి ఆ గిటార్‌ని గుర్తుపడుతుంది.

అదీ కాక ఘనా రేడియోలు నెట్‌లో ఉచితంగా వస్తాయి. అక్కడి సమయం మనకంటే అయిదున్నర గంటలు వెనక. మనకి శనివారం మధ్యాహ్నం రెండున్నర అయితే అక్కడ ఉదయం తొమ్మిది. అకాన్ స్టేషన్లలో పాత హైలైఫ్ కోసం వెతకడానికి వారాంతం అనువైన సమయం. పాట పేరు చెప్పకపోతే ఫోన్లో పాటల్ని గుర్తుపట్టే యాప్ పెట్టి చూడండి. పాతవాటిని కొన్నిసార్లు పట్టుకోలేదు, అప్పుడు ఆ పాట యూట్యూబ్ వీడియో కింద అడగండి. ఘనావాళ్లు బ్యాండు పేరు, ఏడాది, గిటార్ ఎవరిదో కూడా ఓపిగ్గా చెప్తారు.